మీటర్ బోర్డు లైట్లు కొట్టుకుంటుంటే ముందు ఎర్త్ చూడండి

కారు మీటర్ బోర్డు లైట్లు కొట్టుకుంటున్నాయని బండిని ఆటోనగర్ తీసుకెళ్లే ముందు రెండు రోజులు గమనించండి. ఎప్పుడు కొట్టుకుంటున్నాయి? రాత్రిపూట బెంజ్ సర్కిల్ దగ్గర ఆగినప్పుడు, ఏసీ, హెడ్‌లైట్లు రెండూ ఆన్‌లో ఉండగా వెలుతురు తగ్గి, కాస్త రేస్ చేయగానే పుంజుకుంటే అది ఛార్జింగ్ సమస్య. గుంతలో పడినప్పుడల్లా ఆరి వెలిగితే ఎక్కడో కనెక్షన్ లూజు. ఇండికేటర్ వేసినప్పుడు దానితోపాటే మీటర్ బోర్డు కూడా మిణుకుతుంటే ఎర్త్ మీద, అంటే బ్యాటరీ నెగటివ్‌ను ఇంజిన్‌కీ బాడీకీ కలిపే దారి మీద అనుమానపడాలి. హెడ్‌లైట్లు నిలకడగా ఉండి మీటర్ బోర్డు ఒక్కటే ఆడుతుంటే తప్పు డాష్‌బోర్డు వెనకే ఉంది. ఈ నాలుగు మాటలు చెప్పగలిగితే ఎలక్ట్రీషియన్ పని సగం తగ్గుతుంది. చెప్పలేకపోతే కొత్త బ్యాటరీ అంటగట్టి పంపిస్తారు, వారం తిరక్కుండా లైట్లు మళ్లీ మొదలవుతాయి.

ఇంజిన్ ఆపి, బ్యాటరీ టెర్మినల్ క్లాంపును చేత్తో తిప్పి చూడండి. వెంట్రుకవాసి కదిలినా లూజే. తెల్లగా, నీలిపచ్చగా పొడి పేరుకుని ఉంటే 10 నంబర్ స్పానర్‌తో ముందు నెగటివ్ విప్పండి, తర్వాత పాజిటివ్. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగటివ్ చివర. ఈ వరస తప్పితే పాజిటివ్ మీదున్న స్పానర్ బాడీకి తగిలి నిప్పులు లేస్తాయి. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి పాత టూత్ బ్రష్‌తో రుద్దండి. ఆ నీళ్లు బ్యాటరీ సెల్స్‌లోకి పోకుండా మూతలు బిగుతుగా ఉండాలి. ఆరాక పోస్టును (క్లాంపు పట్టుకునే సీసపు కడ్డీని), క్లాంపు లోపలి అంచును ఎమెరీ పేపర్‌తో సీసం మెరిసేదాకా గీకి బిగించండి. వాజిలిన్ రాయాల్సింది బిగించాక, పైపైనే. క్లాంపు సాగిపోయి లూజుగా ఉంటే మధ్యలో వైరు ముక్కలు, రేకు దోపొద్దు. కొత్త క్లాంపు వేయించండి.

ఇప్పుడు వోల్టులు కొలిచే మల్టీమీటర్. బండి నాలుగైదు గంటలు ఆగి ఉన్నాక బ్యాటరీ మీద 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీ బలం పోయింది. మన బెజవాడ ఎండలకు బ్యాటరీ ఆయుష్షు త్వరగా తరుగుతుంది. నీళ్లు పోసే రకమైతే వేసవిలో నెలకోసారి మట్టం చూసి డిస్టిల్డ్ వాటర్ పోయాలి.

ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 రావాలి. కొత్త మోడళ్లలో ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) కావాలనే వోల్టేజీ దించుతుంది కాబట్టి హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి చూడండి. అప్పుడూ 13 దాటకపోతే బెల్టు జారుతోందా, బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమోలో కార్బన్లు అరిగాయా అన్నది చూడాలి. 15 దాటుతుంటే వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయింది, బల్బులు మాడిపోకముందే మార్చండి. రేస్ చేసేకొద్దీ లైట్లు ఇంకా వేగంగా వణికితే డైనమో లోపల ఏసీ కరెంటును డీసీగా మార్చే డయోడ్ ఒకటి పోయి ఉండొచ్చు. మీటరును ఏసీ వోల్టేజీలో పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద చూస్తే అర వోల్టు దాటి చూపిస్తుంది. చవక మీటర్లు కొన్ని ఇక్కడ మోసం చేస్తాయి. ముందు ఇంజిన్ ఆపి చూడండి. సున్నా రాకపోతే ఆ మీటరు ఈ పనికి పనికిరాదు.

ఒకటి మాత్రం ఎవరినీ చేయనివ్వొద్దు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, బండి ఆగిందా లేదా అని డైనమోను పరీక్షించడం పాత అలవాటు. పీకిన క్షణంలో వోల్టేజీ ఒక్కసారి ఎగిసి ఈసీయూని, మీటర్ బోర్డుని కాల్చేయగలదు.

ఎక్కువమంది వదిలేసేది ఎర్త్. పరీక్ష తేలిక. ఇంజిన్ ఆన్, హెడ్‌లైట్లు, బ్లోయర్ ఫుల్. మీటరు డీసీలో. మీటరు వైరు సూదుల్లో ఒకదాన్ని బ్యాటరీ నెగటివ్ పోస్టు మీదే ఆనించండి, క్లాంపు మీద కాదు. రెండోది ఇంజిన్ బ్లాకు మీద, పెయింటు లేని చోట. తర్వాత బాడీ మీద ఎర్త్ బోల్టుకి. ఎక్కడైనా 0.2 వోల్టులు దాటితే ఆ దారిలో తుప్పో, తెగిన పోగులో ఉన్నట్టే. 0.4 వోల్టులు చిన్నదనిపిస్తుంది గానీ 40 ఆంపియర్లు పారుతుంటే ఆ ఒక్క బోల్టు దగ్గర 16 వాట్లు వేడి కింద పోతున్నాయి. బోల్టు ముట్టుకుంటే చుర్రుమంటుంది. దాన్ని విప్పి, లగ్గును (వైరు చివరి రింగును), అది కూర్చునే చోటును లోహం కనిపించేదాకా గీకి, స్టార్ వాషర్ వేసి బిగించి, మళ్లీ కొలవండి. 0.1 లోపలికి రావాలి.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద నీళ్లలో నిలిచిన బండ్ల విషయంలో ఈ పరీక్ష తప్పనిసరి. కార్పెట్ కింద, డోరు గడప పక్కన ఉండే ఎర్త్ పాయింట్లు పైకి శుభ్రంగా కనిపిస్తూ లోపల పచ్చగా తుప్పు పట్టి ఉంటాయి. వరద బండి సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు కార్పెట్ ఎత్తి చూడందే అడ్వాన్సు ఇవ్వొద్దు.

ఆ తర్వాత చూడాల్సింది బయట వేయించిన సరంజామా. మ్యూజిక్ సిస్టమ్, డ్యాష్‌క్యామ్, పెద్ద హారన్ కోసం కంపెనీ వైరు మధ్యలో గీకి టేపు చుట్టిన జాయింట్లు ఎండకి టేపు జారి లూజవుతాయి. వాటి ఫ్యూజులు ఒక్కొక్కటిగా తీసి చూస్తే దొంగ దొరుకుతాడు. ఎలుకలు కొరికిన వైర్లు కూడా ఇక్కడే బయటపడతాయి.

మీటర్ బోర్డు ఒక్కటే ఆడుతుంటే ముందు వెలుతురు తగ్గించే డిమ్మర్ నాబ్‌ను చివరి నుంచి చివరికి పదిసార్లు తిప్పండి. ఆ కాసేపు మిణుకు ఆగితే నాబ్ లోపలి పట్టీ అరిగినట్టే. నాబ్‌లో తేడా లేకపోతే నెగటివ్ విప్పి, పది నిమిషాలు ఆగి బోర్డు బయటకు తీయాలి. పసుపు రంగు కనెక్టర్ల జోలికి పోవద్దు, అవి ఎయిర్‌బ్యాగువి. వెనక కనెక్టర్‌ను కాంటాక్ట్ క్లీనర్‌తో తుడిచి గట్టిగా నొక్కి పెట్టండి. పిన్నుల మొదట్లో టంకం చుట్టూ సన్నని వలయంలా చీలిక కనబడితే మళ్లీ టంకం పెడితే సరిపోతుంది, బోర్డు మొత్తం మార్చక్కర్లేదు.

ఫోన్ వీడియోలో మాత్రమే మిణుకుతూ కంటికి నిలకడగా కనిపిస్తే దేన్నీ విప్పొద్దు. ఎల్‌ఈడీల వెలుతురు తగ్గించడానికి కరెంటును సెకనుకు వందలసార్లు ఆపి వదులుతారు. కెమెరాకు అది దొరుకుతుంది, కంటికి దొరకదు.