అమ్మకు కనబడిన మచ్చ

అందరికీ ప్రభువు పేరట వందనాలు. ఈ సాక్ష్యం రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను, కూర్చుంటే చెయ్యి సాగేది కాదు. మాది విజయనగరం జిల్లా, గజపతినగరం దగ్గర పల్లెటూరు. రెండు ఆవులున్నాయి, మా ఆయన ఆటో నడుపుతారు. కిందటేడు పైడితల్లమ్మ సిరిమానోత్సవం అయిన వారానికి నాకు జ్వరం పట్టుకుంది.

మొదట మామూలు జ్వరమే అనుకున్నాం. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు రెండు సూదులు వేశారు, తగ్గలేదు. టౌన్‌లో రక్తపరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు, మూడు రోజులు సెలైన్‌లు పెట్టారు, అయినా 104 నుంచి కిందికి దిగితే కదా! తలలో ఎవరో రోకలితో దంచుతున్నట్టుండేది. ఎనిమిదో రోజుకి ఆయాసం మొదలైంది. ఇంకో ఆసుపత్రిలో డెంగీ అనుమానం పడ్డారు, అది కాదని రిపోర్టు వచ్చింది గానీ ప్లేట్‌లెట్లు 34 వేలకు పడిపోయాయి, కిడ్నీల మీద కూడా పడుతోంది, ఇక్కడ మా వల్ల కాదు, విశాఖ తీసుకుపొమ్మన్నారు.

పిల్లలిద్దరినీ అత్తయ్య దగ్గర వదిలి అంబులెన్స్ ఎక్కాం. దారి పొడుగునా ప్రార్థన చేద్దామనుకున్నాను, “ప్రభువా” అన్న మాట దాటి ఇంకో మాట రాలేదు. ఇక్కడ ఊళ్ళో మా సంఘం వాళ్ళు గొలుసు ప్రార్థన పెట్టుకున్నారట, ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో గంట చొప్పున తెల్లవార్లూ. మాది చిన్న సంఘం, అందుకని కొందరికి రెండు గంటలు కూడా పడ్డాయి. పొద్దున్నే కోతలకి వెళ్ళాల్సిన మనుషులు వాళ్ళు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

మధ్యలో మా దూరపు బంధువు ఒకాయన ఫోన్ చేసి, మందులు వాడుతూ ప్రార్థన చేస్తే అది విశ్వాసం ఎలా అవుతుంది, అన్నీ ఆపేసి ఇంటికి తెచ్చెయ్యండి అన్నాడట. మా ఆయన కంగారుపడి మా సంఘం పాస్టరు అయ్యగారిని అడిగారు. అయ్యగారు ఒకటే అన్నారు, “బైబిల్లో, పుండుతో చావు దాకా వెళ్ళిన హిజ్కియా రాజుకి పదిహేనేళ్ళ ఆయుష్షు ఇచ్చిన దేవుడు, అదే పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమని యెషయా ప్రవక్త చేత చెప్పించలేదా? మీరు అక్కడే ఉండండి.” ఆ మాట అయ్యగారు ఆరోజు అంత గట్టిగా చెప్పకపోయుంటే నా పిల్లలు తల్లి లేనివాళ్ళయ్యేవారు, ఇందులో నాకు అనుమానం లేదు.

విశాఖలో ఆ రాత్రి వార్డులో నా పక్కన అమ్మ ఉంది. అందరూ జ్వరం తగ్గించమని అడుగుతుంటే అమ్మ వేరేగా అడిగిందట, “ప్రభువా, రోగమేటో డాక్టర్లకి తెలీడం లేదు, దాగున్నదాన్ని నువ్వే చూపించు” అని. తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తూ లంగా బొందు వదులు చేసింది. “ఓలమ్మ, ఇదేటే!” అన్నది మాత్రం నాకు వినబడింది. నడుము పక్కన, సరిగ్గా బొందు ముడి పడే చోట, చుట్ట అంటించి కాల్చినట్టు నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రగా. నొప్పి లేదు, దురద లేదు, నాకే తెలీదు. అన్ని రోజుల్లో ఎవరూ అక్కడ చూడలేదు, నేనూ చూపించలేదు, ఆడవాళ్ళం అక్కడ ఎలా చూపిస్తాం?

అమ్మ నర్సమ్మని పిలిచింది, నర్సమ్మ డ్యూటీ డాక్టరమ్మని పిలిచింది. చిన్నపిల్లలా ఉంది ఆ డాక్టరమ్మ. సెల్‌ఫోన్ లైటు వేసి చూసి, “గట్ల మీద గడ్డి కోస్తారా అమ్మా?” అని అడిగింది. రోజూ కోస్తాను. అది స్క్రబ్ టైఫస్ అట. గడ్డిలో, పొదల్లో కంటికి ఆనని నల్లి లాంటి పురుగు పిల్ల కుడితే వస్తుంది, కుట్టిన వారం పది రోజులకి జ్వరం బయటపడుతుంది. ఆ క్రిమి మన కణాల లోపల దాక్కుంటుంది కాబట్టి అంతకుముందు ఎక్కించిన ఇంజెక్షన్లు దానికి పనిచేయలేదట. రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా ఆ రాత్రే డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు. ఖరీదైన మందు కూడా కాదు. రెండో రోజు సాయంత్రానికి జ్వరం విడిచింది, చెమటకి దుప్పటి తడిసిపోయింది. ఆక్సిజన్ మాస్క్ మాత్రం ఇంకో మూడు రోజులు ఉంది.

ఇంటికొచ్చాక కోలుకోవడానికి రెండు నెలలు పట్టింది. జుట్టు ఊడింది, బిందె ఎత్తబోతే చేతులు వణికేవి. చోడి (రాగి) అంబలి తాగి తాగి నెమ్మదిగా నిలబడ్డాను.

ఇంకొక మాట రాయకపోతే ఈ సాక్ష్యం అబద్ధమవుతుంది. అదే వార్డులో సాలూరు వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి ఉండేవాడు, వాడికీ ఇదే జ్వరం, చాలా ఆలస్యంగా తెచ్చారు. వాళ్ళమ్మ మా దేవుణ్ణి నమ్ముకున్న మనిషి కాదు, అయినా మా అమ్మ చేతులు పట్టుకుని “నా గుంటడికి కూడా ప్రార్థన సెయ్యమ్మా” అంది. అమ్మ నాకు చేసినట్టే వాడి తల మీద చెయ్యి వేసి ఏడ్చి ప్రార్థించింది. నాలుగో రోజు తెల్లవారుజామున ఆ అబ్బాయి పోయాడు. ఎందుకలా జరిగిందో నాకు తెలీదు, అయ్యగారిని అడిగాను, ఆయన కూడా తెలీదనే అన్నారు. గుడిలో సాక్ష్యం చెప్పిన రోజు ఆ అబ్బాయి సంగతి కూడా చెప్పాను, చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇప్పుడు గడ్డికెళ్తే నిండా బట్టలు కట్టుకుంటాను, రాగానే స్నానం చేసి ఒళ్ళంతా చూసుకుంటాను. ఊళ్ళో ఎవరికి జ్వరమొచ్చినా అమ్మ వెళ్ళి చంకలు, నడుము, చెవుల వెనక వెతికి చూస్తుంది, మచ్చ కనబడితే పెద్దాసుపత్రికి పొమ్మని వెంటపడుతుంది. రాత్రి కుటుంబ ప్రార్థనలో మా పిల్లల పేర్లయ్యాక ఆ సాలూరు తల్లి కోసం కూడా అడుగుతుంది. ఆవిడ పేరు మాకు తెలీదు, “ఆ గుంటడి తల్లి” అంటుంది.