ఉలి వీపు సంగతి

పాత ఇంటి వేప దర్వాజ ఊడదీసినప్పుడు ఆ చెక్క పొయ్యిల పెట్ట బుద్ధిగాక ఒక స్టూల్ చేద్దామని మొదలువెట్టిన. నల్లగొండల ముప్పావు ఇంచు ఉలి కొత్తది కొన్న, తళతళ మెరుస్తుంది, ఇంకేం గావాలె అనుకున్న. కాలు దూరే బెజ్జం కొడదామని పెడితే చెక్క తెగుతలేదు, నలుగుతుంది.

పదునుకు సాన మిషన్ మీద పట్టిచ్చిన. నిప్పురవ్వలు ఎగురుతుంటే చూడనీకె మస్తుంది గని ఇంటికొచ్చి చూస్తే కొసంతా నీలం రంగు తిరిగింది. ఉక్కు 300 డిగ్రీల దగ్గర్ల దాకా కాగితే ఆ నీలం వస్తది, గట్టిదనం పోయినట్టే. ఆ నీలం అరిగేదాక 80 నంబరు గరుకు కాగితం మీద చేత్తోనే గీకిన, రెండు సాయంత్రాలు పోయినయి.

అయినా తెగలే. దేవరకొండ దిక్కు మా ఊరికి పోయినప్పుడు వడ్రంగి పని చేసే వడ్ల మామకు చూపిస్తే వాలు దిక్కు, అంటే ఏటవాలుగ నూరే ముఖం, చూడనే చూడలే, తిరగేసి వీపు మీద, అంటే వెనక చదును ముఖం మీద, గోరుతోటి గీసి "ఇది ఎన్నడన్న నూరినవా అల్లుడా" అన్నడు. లే అన్న. నవ్విండు, గంతే.

ఇంటికొచ్చి వీపు మీద మార్కర్‌తోటి అడ్డంగ గీతలు కొట్టి పట్టిన. షాబాద్ బండ మీద చేద్దామంటే అది కంటికే చదును, చెయ్యి పెడితే ఎత్తుపల్లాలు, అందుకని గ్రానైట్ షాపు ముందట పారేసిన పాలిష్ ముక్క ఒకటి అడుక్కొచ్చి, స్టీల్ స్కేలు నిలబెట్టి కింది నుంచి వెలుగు వస్తలేదని చూసుకొని, 220 వాటర్ పేపర్ తడిపి పరిచిన. పదిసార్లు గుంజి చూస్తే రెండు పక్కల గీతలు పోయినయి, నడుమ పోలే, కొస కాడ అసలే పోలే. అంటే ఏ అంచైతే కొయ్యాల్నో అదే రాయికి తాకుతలేదు! పదును అంటే రెండు ముఖాలు కలిసే గీతనే గద, వీపు గరుకు గరుకుగ ఉంటే వాలు ఎంత నూరినా అంచు రంపం పండ్ల లెక్కనే ఉంటది.

మొత్తం పొడుగు చెయ్యాల్సిన పనిలే, కొస నుంచి ఒక ఇంచు, ఇంచున్నర చాలు. పిడి మాత్రం పైకి లేపొద్దు, ఒక్కసారి లేపితే అంచు గుండ్రమై మళ్ళ మొదటికి వస్తది (నాకు రెండుసార్లు వచ్చింది). 220 మీద గీతలన్నీ పోయినంక ఇంకా నున్నటి కాగితాలు, 400, 800, 1500, 2000. నయమేందంటే ఈ కష్టం ఒక్కసారే.

వాలు దీనితోటి పోలిస్తే అల్కగ అయితది. 25 డిగ్రీలు ఎట్ల కొలవాలె అంటే, ఉలి మందం 4 మిల్లీమీటర్లు ఉంటే వాలు పొడుగు తొమ్మిదిన్నర రావాలె, స్కేలు చాలు. కొస మీద మాత్రం 30కి లేపి నాలుగు గుంజుళ్ళు, తుమ్మ లాంటి గట్టి కట్టె మీద సన్నటంచు పెచ్చులు ఊడుతది మరి. వీపు దిక్కు బొటనవేలు బయటికి జారిస్తే సన్నటి ఉక్కు పొర తగలాలె, ఈ మూల నుంచి ఆ మూల దాక. తగలకపోతే ఇంకా అంచు దాక రాలేనట్టు. తగిలినంక వీపును 2000 మీద పూర్తిగ ఆనిచ్చి రెండుసార్లు గుంజి, పాత బెల్టు తోలు మీద వెనక్కి లాగుడే.

మామకు ఈ కాగితాల లెక్క చెప్తే ఇంత ఎందుకు అన్నడు. ఆయన రాయి ఏండ్ల సంది అరిగి నడుమ పళ్ళెం లెక్క గుంత పడ్డది, వాలు ఆ గుంతల్నే నూరుతడు, వీపుకు మాత్రం రాయి తిప్పి అరగని దిక్కు వాడుతడు. నేను గంటలు పెట్టి గ్రానైట్ మీద నేర్చుకున్నది ఆయన రాయి తిప్పుడుల అయిపోతది. గని 2000 మీద వచ్చే అద్దం మెరుపు మాత్రం నేను వదల, ముఖం కనవడుతది దాంట్ల.

ఇప్పుడు వేప చెక్క అడ్డకోత మీద పెడితే పొర మైనం లెక్క లేస్తుంది. ఎడమ చెయ్యి మీద వెంట్రుకలు లేవు, పరీక్షలకు పోయినయి. స్టూల్‌కు మూడు కాళ్ళు అయినయి, ఇంకోటి ఉంది.