కత్తెర పట్టిన సాయంత్రం

2022 అక్టోబరు 25, దీపావళి మర్నాడు, సూర్యగ్రహణం. ఒడిశాలోని మా పర్లాకిమిడిలో పొద్దు కుంకే ముందు కాసేపే కనబడింది. నాకప్పుడు ఆరో నెల. అత్తమ్మ నన్ను గదిలో పడుకోబెట్టి, కదలొద్దని చెప్పి, గుమ్మం దగ్గరే కూర్చున్నారు. ఆవిడకు కునుకు పట్టినప్పుడు నేను మెల్లగా లేచి మిషను దగ్గరికెళ్ళాను. కార్తీకమాసం ఆర్డర్లు నెత్తిమీద ఉన్నాయి. ఒక జాకెట్టు గుడ్డ కత్తిరించాను. రెండు చేతులు, వీపు ముక్క. ఐదు నిమిషాల పని.

జనవరిలో, తొమ్మిదో నెలలో, బిడ్డ కదలడం మానేసింది. స్కానింగులో గుండె చప్పుడు లేదు. నొప్పులు తెప్పించి కాన్పు చేశారు. ఆడపిల్ల. ఎందుకిలా అయిందని అడిగితే డాక్టరమ్మ ఫలానా కారణం అని చెప్పలేకపోయారు. ఇలాంటి వాటిలో చాలాసార్లు కారణం దొరకదమ్మా అన్నారు. నాకు మాత్రం అప్పటికే దొరికింది.

మూడో రోజు పాలు పడ్డాయి. బిడ్డ లేకపోయినా పాలు పడతాయని నాకు ఎవరూ ముందుగా చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. జాకెట్టు తడిసి ముద్దయ్యేది. మా అమ్మ పాతచీర మడతలు పెట్టి రొమ్ముల మీద ఉంచి, అటు తిరిగి ఏడ్చేది. బిడ్డ పోయిన తల్లి బాధను కడుపుకోత అంటాం కదా. ఆ కోత నా కత్తెరదే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఇక ఆ తర్వాత నెలలు ఎలా గడిచాయో వరసగా గుర్తులేదు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేసేది, మళ్ళీ కన్ను మూతపడేది కాదు. అన్నం ముద్ద గొంతు దిగేది కాదు. పదిహేనేళ్ళుగా చేస్తున్న పని, సూదిలో దారం ఎక్కించడం, చేతకాలేదు. ఏప్రిల్లో మిషను మీద దుప్పటి కప్పేశాను. మా ఆయన పొద్దున్నే షాపుకి పోయి రాత్రి పదికి వచ్చేవారు. ఒక్కసారి కూడా కంట తడి పెట్టలేదు. బిడ్డను ఎక్కడ పెట్టారో అడిగితే "ఇప్పుడెందుకు అవన్నీ" అని బయటికి వెళ్ళిపోయేవారు. పుట్టబోయే బిడ్డకని నేను చేత్తో కుట్టిన తెల్ల చొక్కా ఒకటి ట్రంకుపెట్టెలో ఉండేది. వెతికితే కనిపించలేదు. అత్తమ్మ పారేశారనుకున్నాను. ఆవిడతో మాట్లాడటం మానేశాను.

ఒక క్లినిక్కుకి తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరు "ఇంకో బిడ్డ పుడితే అంతా సర్దుకుంటుంది" అని నిద్రమాత్రలు రాసి పంపేశారు. ఆ మాట నమ్మి మూడు నెలలు పోగొట్టుకున్నాను. నేను ఏడ్చేది ఇంకో బిడ్డ కోసం కాదు, పోయిన బిడ్డ కోసం.

ఒక రాత్రి చచ్చిపోతే బాగుణ్ణు అనిపించింది. అనిపించడమే కాదు, ఎలాగో కూడా ఆలోచించాను. అప్పుడు భయం వేసింది. టెలీ మానస్ నంబరు 14416 ఫోనులో ఉంది. 2022 అక్టోబరు 10న మనసు బాగోలేనివాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత ఫోను లైను అది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగూ ఒడియా రెండూ ఉంటాయి. ఎత్తినావిడ నన్ను తిట్టలేదు, ధైర్యంగా ఉండాలి అని నీతులు చెప్పలేదు. ఇప్పుడు ఇంట్లో ఎవరున్నారు, వాళ్ళను లేపగలరా అని అడిగారు. లేపాను. మా ఆయన తెల్లారేదాకా నా పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నారు.

ఆ తర్వాత సైకియాట్రిస్టు, అంటే మానసిక వైద్యుడి దగ్గర, తొమ్మిది ప్రశ్నల కాగితం నింపాను. గత రెండు వారాల్లో నిద్ర, ఆకలి, ఆసక్తి, చావు ఆలోచనలు ఎలా ఉన్నాయని. మార్కులు పెరిగేకొద్దీ జబ్బు ఎక్కువని అర్థం. మొత్తం 27లో నాకు 19 వచ్చాయి. "ఇది దుఃఖం ఒక్కటే కాదు, దుఃఖం మీద డిప్రెషన్ కూడా ఎక్కింది" అన్నారు. ఎసిటలోప్రామ్ అనే డిప్రెషన్ మాత్ర మొదలుపెట్టారు. మొదటి వారం వికారంగా ఉండింది. గుణం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుందని, బాగయ్యాక కూడా నెలల తరబడి వాడాలని, సొంతంగా ఆపొద్దని చెప్పారు. మూడో వారం చివర ఒక రోజు ఐదింటిదాకా నిద్రపోయాను. అంతే తేడా. అయినా ఆ రెండు గంటలు నాకెంతో.

ఆ డాక్టరు ఒడియాలో అడిగేవారు. బళ్ళో ఒడియా చదువుకున్నాను కాబట్టి "మొనొ భొలొ లాగునాహిఁ" అని చెప్పగలిగాను. మనసు బాగోలేదని. అంతకు మించి మాట రాలేదు. మీ భాషలో మాట్లాడేవాళ్ళతో థెరపీ చేయించుకోండి అని ఆయనే అన్నారు. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. జనం మాట్లాడే భాషలోనే చదువు చెప్పాలని ఆయన అంత పోరాడారు. వైద్యానికి కూడా ఆ మాట వర్తిస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

గుణుపురం నుంచి విశాఖ వెళ్ళే పాసింజరు మా ఊరి మీదుగానే పోతుంది. పదిహేను రోజులకోసారి విశాఖలో ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళాం. ఈమె మందులు రాయరు, మాటలతోనే వైద్యం. కౌన్సెలింగ్ అని బోర్డు పెట్టిన ప్రతివాళ్ళ దగ్గరికీ వెళ్ళొద్దని, క్లినికల్ సైకాలజిస్టు అయితే భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడిగి తెలుసుకోవాలని మా సైకియాట్రిస్టు ముందే చెప్పారు.

రెండోసారి వెళ్ళినప్పుడు కత్తెర సంగతి బయటపెట్టాను. "గ్రహణం నాడు గుడ్డ కోశానండి. నేనే చంపుకున్నాను" అన్నాను. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. నోటుబుక్కులో ఆ మాట రాయించారు. పక్కన, అది నిజమనడానికి ఏం ఉంది, కాదనడానికి ఏం ఉంది అని రెండు గళ్ళు గీయించారు. "ఆ సాయంత్రం మీ ఊళ్ళో ఇంకెవరు కత్తి పట్టి ఉంటారు? ఆస్పత్రుల్లో ఆపరేషన్లు ఆపారా? కడుపుతో ఉన్న మీ చెల్లెలు ఇదే చేసి ఉంటే ఆమెతో ఏమంటారు?" మూడో ప్రశ్న దగ్గర నేను ఆగిపోయాను. నీ తప్పు కాదే గుంటా అంటాను కదా. దీన్నే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటారట. ఒక్క రోజులో నమ్మకం పోలేదు. రాస్తూ రాస్తూ ఉంటే నెమ్మదిగా దాని పట్టు సడలింది.

తర్వాత నన్నూ మా ఆయన్నీ కలిపి కూర్చోబెడతామన్నారు. దానికి ముందు మమ్మల్ని విడివిడిగా పిలిచారు. ఇంట్లో కొట్టడం, భయపెట్టడం ఉందా అని నన్ను ఒంటరిగా అడిగారు. అది ఉన్న చోట ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టి మాట్లాడించడం ప్రమాదమట. మా ఇంట్లో ఆ బాధ లేదు. ఉన్నదల్లా మౌనం.

ఆమె కాగితం మీద ఒక గుండ్రం గీశారు. నేను ఏడుస్తాను. ఆయన బయటికి పోతారు. ఆయన పోయారని నేను సూటిపోటి మాటలంటాను. ఆ మాటలకు ఆయన ఇంకా ఆలస్యంగా వస్తారు. "మీ ఇద్దరిలో ఎవరూ శత్రువు కాదు, ఈ గుండ్రమే" అన్నారు. ఒకరు ఐదు నిమిషాలు మాట్లాడాలి. రెండోవారు జవాబు చెప్పకూడదు, విన్నది తిరిగి చెప్పాలి. అంతే.

మా ఆయన వంతు వచ్చింది. చాలాసేపు చేతివేళ్ళే చూసుకున్నారు. తర్వాత చెప్పారు. బిడ్డను తనే కడిగారట. ట్రంకుపెట్టెలో చొక్కా తీసి తొడిగారట. "గుండీలు చిన్నవి. నా వేళ్ళకి దొరకలేదు. రెండే పెట్టగలిగాను." మహేంద్రతనయ నది ఒడ్డున, ఒక చెట్టు కింద పెట్టి వచ్చారు. ప్రతి మంగళవారం షాపు కట్టేశాక అక్కడికే వెళ్తున్నారు, అందుకే ఆలస్యం. "దానికి చెబితే ఇంకా కుంగిపోతుందని చెప్పలేదండి" అని ఆమెతో అన్నారు, నా వైపు చూడకుండా.

విన్నది తిరిగి చెప్పాలి కదా. "రెండే గుండీలు పెట్టగలిగారు" అన్నాను. ఇద్దరం ఏడ్చాం. పెళ్ళయ్యాక అలా కలిసి ఏడవడం అదే మొదలు.

ఇంటికి రాగానే అత్తమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని చొక్కా సంగతి చెప్పాను. ఆవిడ నా తల నిమిరారు. ఆ మంగళవారం ముగ్గురం నది ఒడ్డుకి వెళ్ళాం.

మొత్తం ఆరుసార్లు జంటగా కూర్చున్నాం. మాత్రలు ఏడాది పైన వాడాను, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించి ఆపాను. జనవరి వస్తే ఇప్పటికీ ఒళ్ళు బరువుగా ఉంటుంది. అప్పుడు ముందే ఫోను చేసి ఒకసారి మాట్లాడతాను. నోటుబుక్కు దాచుకున్నాను.

మొన్నామధ్య మా వీధిలో ఒకామె మనవడికి ఇరవయ్యొకటో రోజు అని మెత్తటి పసుపు గుడ్డ తెచ్చింది. చిన్న చొక్కా కుట్టమంది. ఇదివరకు వద్దని పంపేసేదాన్ని. తీసుకున్నాను. మా ఆయన షాపు నుంచి తొందరగా వచ్చి మిషను పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. కత్తిరించాను, కుట్టాను. గుండీలు మాత్రం కాస్త పెద్దవి వేశాను.