బొమ్మ చుట్టూ సర్దుకున్న మాటలు

మన 1996 పదో తరగతి బ్యాచ్‌లో 42 మందికి నా ఉత్తరాలు అందేవి. నెలకొకటి. రెండు ఏ4 కాగితాలు, రెండు వైపులా నా చేతిరాత. జిరాక్స్ తీయించి, కవర్ల మీద 5 రూపాయల స్టాంపులు అంటించి పోస్టు చేసేదాన్ని. ‘పలకరింపు’ అని పేరు పెట్టుకున్నాను.

పత్రికలో పదేళ్లు దాటాక మొదలుపెట్టిన పని అది. జిల్లా డెస్కులో సాయంత్రం నుంచి కంట్రిబ్యూటర్లు పంపిన వార్తలు దిద్దడం, హెడ్డింగులు పెట్టడం, టైముకి పేజీ వదలడం. ఆ ఉద్యోగాన్ని నేను ప్రేమించాను. కానీ రోజుకు వందల వాక్యాలు దిద్దుతూ, నాదంటూ ఒక్క వాక్యం రాసుకోలేకపోయాను. అందుకే నెలకో ఆదివారం మీతో మాట్లాడటానికి కూర్చునేదాన్ని.

అసలు నన్ను పత్రికలవైపు నడిపింది మన తెలుగు మాస్టారు. తొమ్మిదో తరగతిలో గోడపత్రిక నాకు అప్పజెప్పారు. స్టాఫ్‌రూమ్ పక్కన మేకుకు వేలాడే డ్రాయింగ్ షీటు గుర్తుందా? అందులో వార్తలు రాసేదాన్ని, చుట్టూ తీగల బోర్డరూ నేనే గీసేదాన్ని. మాస్టారు రాత బాగుందన్నారు. బోర్డర్ మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ మర్చిపోయాను.

మొన్న సంక్రాంతికి ఆ ఉత్తరాలన్నీ నేల మీద వరసగా పరిచాను. మొత్తం 37. మొదటిదాంట్లో మూలన చిన్న చింతాకు. పదో ఉత్తరంలో మా బావి గిలక సగం పేజీ ఆక్రమించింది. ఇరవై దాటేసరికి మాటలే బొమ్మ చుట్టూ సర్దుకున్నాయి. ఉద్యోగం మానేస్తానని ఇంట్లో చెప్పింది ముప్పయ్యో ఉత్తరం తర్వాత. ఆ సంగతి కాగితాల మీద ఏడాదిన్నర ముందే కనిపిస్తోంది. లారీ నడిపే మన మిత్రుడు అప్పట్లోనే రాశాడు: “నువ్వు రాసింది మా ఆవిడ చదివి వినిపించింది. గిలక బొమ్మ మాత్రం నాది, క్యాబిన్‌లో అంటించుకున్నా.” ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది.

అమ్మ చాలా టెన్షన్ పడింది. నెల జీతం వదిలి గుడ్డల మీద గీతలేమిటని. నేనూ భయపడ్డాను. శ్రీకాళహస్తి కలంకారీకి 2008లో పద్మశ్రీ తెచ్చిన జొన్నలగడ్డ గురప్పశెట్టి గారు కూడా కొన్నాళ్లు బడిపంతులుగా పనిచేసినవారేనని తెలిశాక కాస్త ధైర్యం వచ్చింది. ఆ ఊళ్లోనే ఒక గురువు గారి దగ్గర చేరాను.

మొదటి నెలంతా గుడ్డ తయారుచేయడమే. కరక్కాయ పొడి, పాలు కలిపి అందులో ముంచి ఆరబెట్టాలి. మా వైపు ఎనుము పాలంటామే, ఆ గేదె పాలే. పాలలోని వెన్న వల్ల రంగు అలుక్కుపోదు. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో ముందు లేతగా గీసుకోవాలి. నల్లరంగుకు ఇనుప ముక్కలు, బెల్లం కుండలో నీళ్లు పోసి వారాల తరబడి పులియబెట్టాలి. ఆ నీళ్లలో వెదురు కలం ముంచి గుడ్డ మీద పెడితే గీత మొదట పేలవంగా ఉంటుంది. చూస్తుండగానే కరక్కాయతో కలిసి నల్లబడుతుంది. మొదటిసారి అది చూసి కలం పక్కన పెట్టి అలాగే కూర్చుండిపోయాను. రాత్రి డెస్కులో అచ్చయి వచ్చిన మొదటి కాపీ వాసన చూసినప్పటి సంతోషమే మళ్లీ.

38వ ఉత్తరం కాగితం మీద రాయలేదు. గజం గుడ్డ మీద మన బడి వేపచెట్టు, కింద గోడపత్రిక చదువుతున్న పిల్లలు. చుట్టూ అప్పటి తీగల బోర్డరే. ఎర్రరంగు పడాల్సిన చోట పటిక నీళ్లు పూశాను. ఇంకా రంగులో ఉడకబెట్టాలి, పారే నీళ్లలో ఉతకాలి. ఇక్కడి స్వర్ణముఖి నదిలో నీళ్లుంటే మన బ్యాచ్ కలయిక నాటికి తెస్తాను. స్టాఫ్‌రూమ్ పక్క గోడకు ఆ మేకు ఇంకా ఉందేమో, ఎవరైనా చూసి చెప్పండి.