ఎక్స్‌రే బాగుంది, దమ్మే తగ్గలేదు

నల్లగొండ దగ్గర చెర్వుగట్టు శివుడి గుడి మెట్లు సగం కూడా ఎక్కకముందే కూలబడ్డాను. 2023 మాఘమాసం, జాతర రోజులు. డెబ్బై దాటిన మా అమ్మ నాకంటే ముందు పోతూ వెనక్కి తిరిగి, "ఏమైంది కొడుకా, దమ్మొస్తుందా?" అని అడిగింది. నవ్వి, "చెప్పుల్లో రాయి పడ్డదమ్మా" అన్నాను. చెప్పులు కిందనే విడిచి వచ్చిన సంగతి నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

నేను నల్లగొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. పిల్లలకు ఖోఖో, కబడ్డీ, పరుగులు నేర్పడం నా కొలువు. నలభై ఆరేళ్ల వయసులో కూడా పొద్దుగాల ఎన్‌జీ కాలేజీ గ్రౌండ్‌లో అయిదు కిలోమీటర్లు ఉరికేవాణ్ణి. అలాంటిది, అప్పటికి మూడు వారాలుగా దగ్గు. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది, రాత్రి బనీను పిండితే చెమట కారేది. గ్రౌండ్ దుమ్ము పడలేదనుకున్నాను. టౌన్‌లో ఒక డాక్టర్ దగ్గరికి రెండుసార్లు పోతే రెండుసార్లూ దగ్గు మందు, యాంటీబయాటిక్ రాసి పంపాడు. ఎక్స్‌రే మాట ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు. అరవై ఆరు కిలోల నుంచి యాభై ఎనిమిదికి దిగాను. స్టాఫ్‌రూమ్‌లో మాత్రం "సార్ మంచిగ ఫిట్ అయిండు" అన్నారు!

నన్ను అసలు మోసం చేసింది నొప్పి. మొదట్లో గట్టిగా ఊపిరి పీలిస్తే కుడి పక్క కత్తితో పొడిచినట్టు ఉండేది. వారం తర్వాత అది దానంతట అదే తగ్గింది. తగ్గిపోయిందని ఇంట్లో చెప్పి ఆదివారం నాటుకోడి కూర కూడా చేయించుకున్నాను. తర్వాత తెలిసింది, ఊపిరితిత్తి మీద ఒక పొర, ఛాతీ గోడకు లోపల ఇంకో పొర ఉంటాయి. వాపు వచ్చినప్పుడు ఆ రెండూ రాసుకొని నొప్పి పుడుతుంది. మధ్యలో నీరు చేరేసరికి పొరలు దూరం జరిగాయి, రాపిడి ఆగింది. అంటే రోగం ముదిరితే నొప్పి తగ్గింది.

జాతర నుంచి వచ్చిన రెండో రోజు వేరే ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. కుడి వైపు కింది సగం తెల్లగా, సున్నం పూసినట్టు. "నీరు పట్టింది" అన్నారు. మా మర్రిగూడ దిక్కు బోరు మీద బోరు వేసినా చుక్క పడదు, నా ఛాతీలో మాత్రం బోరు వేయకుండానే పడింది.

ఆ నీరు తీయడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. కుర్చీని తిప్పేసి, వీపు డాక్టర్ వైపు ఉండేలా కూర్చోబెట్టారు. కుర్చీ పైకొమ్ము మీద దిండు, దాని మీద నా తల. పక్కటెముకల సందున ముందు మత్తు సూది, ఆ తర్వాత లావు సూది. నొప్పి కాదు, ఎవరో బొటనవేలితో లోపలికి నెడుతున్నట్టు ఉంది. పైపులోంచి కుసుమ నూనె రంగులో నీరు సీసాలోకి దిగుతోంది. నాలుగు వందలు, ఆరు వందలు అని గీతలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. తొమ్మిది వందల మిల్లీలీటర్ల దగ్గర ఆపకుండా దగ్గు మొదలైంది. "ముడుచుకున్న ఊపిరితిత్తి విచ్చుకుంటున్నది సార్, గట్లనే దగ్గొస్తది, ఏం గాదు" అంది సిస్టర్. అయిదు నిమిషాల తర్వాత చాలా రోజులకు కడుపు నిండా గాలి పీల్చాను. 'కడుపు నిండా' అనే మాట అప్పుడు సరిగ్గా అర్థమైంది.

ఆ నీటిలో ఏడీఏ అనే ఎంజైమ్, టీబీ ఉంటే పెరిగేది, ఎక్కువగా వచ్చింది. మిగతా పరీక్షలూ చూసి ఊపిరితిత్తి పొరకు టీబీ అని తేల్చారు. తెమడలో క్రిములు లేవు కాబట్టి పక్కవాళ్లకు అంటుకునే భయం చాలా తక్కువని డాక్టర్ చెప్పినా మా ఇంటావిడ చుట్టాలందరికీ "నిమోనియా" అనే చెప్పింది. ఆమెను తప్పు పట్టను. ఏటా మార్చి 24న, టీబీ దినం నాడు, 1882లో రాబర్ట్ కాక్ టీబీ క్రిమిని కనుగొన్నట్టు ప్రకటించిన రోజని చెప్పి, పిల్లలతో ప్లకార్డులు పట్టించి ర్యాలీ తీసేవాణ్ణి. ఆ ఏడు మార్చి 24న ఇంట్లో మంచం మీద ఉండి, ర్యాలీ ఫోటోలు వాట్సాప్‌లో చూసుకున్నాను. గ్రూపులో నాకు టీబీ అని ఒక్క ముక్క రాయలేకపోయాను.

రోజూ పరగడుపున నాలుగు మాత్రలు ఒకేసారి. మొదటి రోజు మూత్రం మోదుగు పువ్వు రంగులో వస్తే గుండె ఆగినంత పనైంది. రిఫాంపిసిన్ మందు రంగు అదని ముందే చెప్పారు గానీ, చెప్పడం వేరు, చూడడం వేరు. సర్కారు నిక్షయ్ పోషణ్ కింద టీబీ రోగుల తిండికి నెలకు 500 రూపాయలు ఖాతాలో వేసేది. అవి గుడ్లకు, పల్లీలకు పోయేవి.

రెండు నెలలకు మళ్లీ ఎక్స్‌రే తీశారు. శుభ్రంగా ఉంది. నాలుగు మందుల్లో ఒకటి తీసేసి, ఇంకో నాలుగు నెలలు మూడు వాడమన్నారు. నేను చొక్కా గుండీలు పెట్టుకుంటూ రేపట్నుంచి గ్రౌండ్‌కు పోవచ్చని లెక్కలు వేసుకున్నాను. ఇంటికొచ్చి మేడ మెట్లు, పద్దెనిమిది, ఎక్కానో లేదో పిట్టగోడ పట్టుకొని నిలబడ్డాను. నోరు తెరుచుకొని, ఎండాకాలం కుక్కలాగా.

మరుసటి వారం డాక్టర్‌తో అన్నాను, "సార్, ఎక్స్‌రేలో మీకేదో కనబడలేదు."

ఆయన నవ్వాడు. "ఊపిరితిత్తుల్లో ఏం లేదు మాస్టారూ. మీకు ఇప్పుడు దమ్మొస్తున్నది వాటి వల్ల కాదు. గుండె, కాళ్లు. రెండు నెలలు పండుకున్నరు గదా."

ఇరవై ఏళ్లుగా పిల్లలకు ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ అరకొరగా చెప్పే నాకు ఈ ముక్క తట్టకపోవడం సిగ్గుగా అనిపించింది. దమ్ము అంటే ఊపిరితిత్తి, ఊపిరితిత్తి అంటే దమ్ము అని నా బుర్రలో పాతుకుపోయింది. నిజానికి ఊరికే కూర్చున్నప్పుడు మనిషి నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది లీటర్ల గాలి పీలుస్తాడు. గట్టిగా పరుగెత్తితే అది వంద లీటర్లు దాటగలదు. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ముందుగా చేతులెత్తేసేది ఊపిరితిత్తులు కావు. వడ్ల సీజన్ గుర్తు చేసుకోండి. సర్కారు వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌లో వడ్లు రాశులుగా పోసి ఉంటాయి. లారీలు రావు. వచ్చినా మిర్యాలగూడ మిల్లులో సగం మిషన్లు బంద్. సెంటర్‌లో వడ్లు లేవని ఎవరైనా అంటారా? నా ఒంట్లోనూ అదే జరిగింది. గాలి సరిపడా వస్తోంది, ఆక్సిజన్ మోసే రక్తం తక్కువ, తీసుకుపోయినా వాడుకునే కండరాలు నీరసించాయి.

నాడి చూసుకోవడం నాకు పాత అలవాటు. స్టాప్‌వాచ్ ఎటూ మెడలోనే ఉంటుంది. జబ్బుకు ముందు పొద్దున్నే లేవగానే 62 ఉండేది, అప్పుడు 96. కదలకుండా ఉన్న మనిషికి గుండె నిమిషానికి సుమారు అయిదు లీటర్ల రక్తం పంపాలి. నోటుబుక్కులో భాగహారం చేశాను. 62 కొట్టుకుంటే ఒక్కో దెబ్బకు 80 మిల్లీలీటర్లు. 96 కొట్టుకుంటే 52. ఇది ఉజ్జాయింపు లెక్కే, రక్తహీనత కూడా నాడిని పెంచుతుంది. అయినా సంగతి అర్థమైంది. మంచాన పడితే ఒంట్లో రక్తపు నీరు తగ్గుతుంది, గుండెకు ఒక్కో దెబ్బకు నిండేది తగ్గుతుంది. చెంబు చిన్నదైతే ఎక్కువసార్లు ముంచాలి.

అమెరికాలోని డల్లాస్‌లో 1966లో ఒక పరీక్ష చేశారు. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు అయిదుగురిని మూడు వారాలు మంచం మీదే ఉంచారు. ఒంటికి గరిష్ఠంగా ఆక్సిజన్ వాడుకునే శక్తి నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత అదే అయిదుగురిని పిలిచి కొలిస్తే, ముప్పై ఏళ్ల వయసు చేసిన నష్టం ఆ మూడు వారాల మంచం చేసిన నష్టం కంటే తక్కువే. పీఈటీ చదువు బీపీఈడీలో మా సార్ ఇది చెప్పినప్పుడు పరీక్షకు వస్తుందని రాసుకున్నానంతే.

ఇంకో వింత గమనించాను. మంచం మీంచి లేచి, మోగుతున్న ఫోన్ కోసం గబగబా నాలుగడుగులు వేస్తే ఏమీ అయ్యేది కాదు. మెట్లు కూడా మొదటి ఏడెనిమిది హాయిగా ఎక్కేవాణ్ణి. ఆ తర్వాత ఉన్నట్టుండి తొడలు బరువెక్కేవి. కండరంలో అప్పటికప్పుడు వాడుకునేందుకు ఏటీపీ (ఒంట్లో శక్తికి చిల్లర డబ్బు లాంటిది), క్రియాటిన్ ఫాస్ఫేట్ అని కొంత నిల్వ ఉంటుంది. అది పది సెకన్ల సరుకు, దానికి ఆక్సిజన్‌తో పని లేదు. వంద మీటర్ల వాళ్లకు అది బాగా పనికొస్తుంది. అది అయిపోగానే గ్లూకోజ్‌ను ఆక్సిజన్ లేకుండా విరగ్గొట్టే దారి ముందుకొస్తుంది. తొందరగా ఇస్తుంది కానీ ఒక గ్లూకోజ్‌కు రెండే ఏటీపీలు మిగులుతాయి. ఆక్సిజన్‌తో నెమ్మదిగా కాలిస్తే 30 నుంచి 32 దాకా వస్తాయి. మా పాత పుస్తకంలో 36, 38 అని ఉండేది. మామూలు మనిషికి మెట్లు ఎక్కడం చాలావరకు ఈ నెమ్మది దారిలో జరిగిపోయే పని. నాకు ఆ దారి ఇరుకైపోయి పద్దెనిమిది మెట్లు కూడా నాలుగు వందల మీటర్ల రేసు అయిపోయాయి.

పైకెక్కి నిలబడ్డాక కూడా రెండు మూడు నిమిషాలు రొప్పు ఆగేది కాదు. 1922 నోబెల్ బహుమతి పంచుకున్న ఆర్చిబాల్డ్ హిల్ దీన్ని ఆక్సిజన్ అప్పు అన్నాడు. ఇప్పుడు శాస్త్రవేత్తలు ఆ మాట అంతగా వాడరు, లెక్క అంత సూటిగా ఉండదని. నాకైతే అప్పు అనే మాటే నచ్చుతుంది. వడ్డీతో సహా కట్టినట్టే ఉండేది.

అప్పుడే రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ చూస్తే 9.6, తక్కువే. ఆ కాగితం పట్టుకొని కూర్చుంటే మా స్కూల్లో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె గుర్తొచ్చింది. ఎనిమిది వందల మీటర్లలో మొదటి రౌండు అందరితో ఉరికి, రెండో రౌండులో ఎప్పుడూ వెనకబడేది. "ఏందే, దమ్ము లేదా?" అని గ్రౌండంతా వినబడేలా అరిచేవాణ్ణి. పాలిపోయిన కనురెప్పలు, చెంచాలా గుంటపడ్డ గోళ్లు, రక్తహీనత గుర్తులన్నీ నా కళ్ల ముందే ఉండేవి. వారానికొకసారి స్కూల్లో ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను కిటికీలోంచి పారేసే పిల్లల్లో ఆమె కూడా ఉంది. అది చూసి కూడా నేను పట్టించుకోలేదు. లారీలు లేని పిల్లను మిల్లు నడపమని తిట్టాను.

ఫిజియోథెరపిస్టు ఆసుపత్రి కారిడార్‌లో ముప్పై మీటర్లకు గీత గీసి ఆరు నిమిషాలు నడిపించింది. 310 మీటర్లు. నేను పిల్లలకు పెట్టే వామప్ కంటే తక్కువ. మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇచ్చి గాలి పీల్చమంది. ఒక బంతి లేచేది, రెండోది కదిలి పడిపోయేది, మూడోది నన్ను చూసి నవ్వేది. ఇంట్లో మా చిన్నది అది తీసుకొని ఒక్క గుటకలో మూడూ లేపి, "డాడీ, గిట్ల" అనేది.

గ్రౌండ్‌కు మళ్లీ వెళ్లింది మే నెలలో, పొద్దున అయిదున్నరకు, తెలిసినవాళ్లు రాకముందే. మూడు నిమిషాలు నడక, రెండు నిమిషాలు బెంచీ. పది రోజులకు అయిదు నిమిషాలు నడక. ఉరకాలని కాళ్లు లాగేవి, ఫిజియో ఒప్పుకోలేదు. నడుస్తూ పూర్తి వాక్యం మాట్లాడగలిగితే సరైన వేగం, మధ్యలో తెగితే ఎక్కువ, పాట పాడగలిగితే తక్కువ అని చెప్పింది. ఇదే మాట నేను పిల్లలకు చెప్పినవాణ్ణే. ఒంటరిగా నడిచే మనిషి ఎవరితో మాట్లాడాలి? ఎక్కాలు చదువుకుంటూ నడిచాను. పదమూడో ఎక్కం తెగకుండా పూర్తయిన రోజు ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ, "అది నీకు ముందు నుంచీ రాదు గదా" అంది.

జూన్‌లో నాడి 88. ఆగస్టుకు 74. మందులు ఆపేసరికి ఆరు నిమిషాల నడక 540 మీటర్లు. అప్పుడు గానీ మొదటిసారి ఒక రౌండు ఉరకలేదు. మరునాడు పిక్కలు పట్టేశాయి. పిల్లలకు ఇన్నాళ్లూ అది లాక్టిక్ యాసిడ్ పేరుకోవడం వల్ల అని చెప్పాను, అది తప్పు. ల్యాక్టేట్ గంట, రెండు గంటల్లో పోతుంది. మరునాటి నొప్పి కండరాల్లో కలిగే సన్నని గాయాలది. తరగతిలో ఈ దిద్దుబాటు కూడా చేశాను.

స్కూల్లో ఐరన్ మాత్రను ఇప్పుడు నేనే ఎదురుగా నిలబడి మింగిస్తున్నాను, పరగడుపున కాకుండా మధ్యాహ్న భోజనం తర్వాత. ఆ అమ్మాయిని పీహెచ్‌సీకి కూడా పంపించాను. రెండో రౌండు ఇంకా వెనకే ఉంటుంది, కానీ చివరిదాకా ఉరుకుతోంది.

మళ్లీ మాఘం వచ్చింది. చెర్వుగట్టు మెట్ల మీద ఈసారి నేను ముందు, అమ్మ వెనక. ఏదో చెప్పుకుంటూ ఎక్కుతుంటే వెనక నుంచి జవాబు రాలేదు. తిరిగి చూస్తే, పోయినేడు నేను కూలబడ్డ చోటికి కొంచెం కింద, గోడకు ఆనుకొని కూర్చుంది.

"ఏమైందమ్మా?"

"చెప్పుల్ల రాయి పడ్డది కొడుకా" అంది, ఉత్త కాళ్లు చాపుకొని.

పక్కన కూర్చొని ఆమె మణికట్టు పట్టుకొని స్టాప్‌వాచ్ నొక్కాను. పదిహేను సెకన్లు కూడా కాకముందే చేయి లాక్కుంది. "మొక్కుకు ఆలస్యమైతది, లే" అని.