నా రక్తం పాజిటివా, నెగెటివా: తేలిన తీరు

గర్భం వచ్చిన కొత్తలో చేయించిన పరీక్షల్లో నా గ్రూపు బి నెగెటివ్ అని వచ్చింది. నా రక్తదాత కార్డు మీద మాత్రం బి పాజిటివ్ అని ఉంది. మా ఆయనది ఓ పాజిటివ్. నేను నిజంగా నెగెటివ్ అయి, బిడ్డ పాజిటివ్ అయితే, కాన్పు సమయంలో బిడ్డ రక్తం నాలో కలిసి నా ఒంట్లో పరాయి కణాలను పట్టుకునే యాంటీబాడీలు పుట్టవచ్చు. తర్వాతి గర్భంలో అవి బిడ్డ ఎర్రకణాల మీద పడతాయి. టెన్షన్ పడకుండా ఎలా ఉంటాం?

డాక్టరుగారు ఏ రిపోర్టునూ తప్పనలేదు. బ్లడ్ బ్యాంకులో మళ్లీ వివరంగా చేయించమన్నారు. అక్కడ రక్తం తీసినావిడ నా పేరు నా చేతే చెప్పించుకుని, నా ముందే ట్యూబు మీద లేబుల్ రాశారు. నాకది చాలా నచ్చింది. గ్రూపు కలవని రక్తం ఎక్కించేసే ప్రమాదాల్లో ఎక్కువ భాగం పరీక్షలో పొరపాటు వల్ల కాదు, పేర్లు తారుమారు కావడం వల్లే జరుగుతాయి.

నా ఆరాటం చూసి టెక్నీషియన్‌గారు ఓపిగ్గా చూపించారు. మూడు రక్తపు చుక్కలు, మూడు యాంటీబాడీ ద్రావణాలు. ఎర్రకణాల మీద ఎ, బి, డి అనే గుర్తుల్లో ఏది ఉంటే, దాని యాంటీబాడీ కలిపినప్పుడు కణాలు గుంపు కడతాయి. డి ఉంటే పాజిటివ్, లేకపోతే నెగెటివ్. ఒకదానిలో నీలం రంగు యాంటీ-ఎ, రెండోదానిలో పసుపు రంగు యాంటీ-బి, మూడోదానిలో రంగులేని యాంటీ-డి కలిపి, పలకను అటూ ఇటూ వంచారు. కాసేపటికే పసుపు చుక్క పాలు విరిగినట్టు ముక్కలు ముక్కలైంది. నీలం చుక్క మారలేదు. నేను కళ్లార్పకుండా చూస్తున్న మూడో చుక్క కూడా నున్నగా అలాగే ఉండిపోయింది. ఇక్కడితో ఆపేస్తే నేను నెగెటివే.

తర్వాత రివర్స్ గ్రూపింగ్, అంటే నా ప్లాస్మాను (రక్తంలోని ద్రవాన్ని) తెలిసిన గ్రూపుల కణాలతో కలిపి ఎదురు వైపు నుంచి చూడడం. బి గ్రూపు వాళ్ల ప్లాస్మాలో యాంటీ-ఎ సహజంగానే ఉంటుంది. కార్ల్ లాండ్‌స్టీనర్ 1901లో గ్రూపులను బయటపెట్టింది ఇలాగే, ఒకరి సీరమ్‌ను (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని) ఇంకొకరి కణాలతో కలిపి చూసి. నా ప్లాస్మా ఎ కణాలను గుంపు కట్టించింది, బి కణాలను ఏమీ చేయలేదు. కాబట్టి బి ఖాయం. డి విషయంలో మాత్రం ఇలా రెండో వైపు నుంచి సరిచూసుకునే వీలు లేదు. డి లేనివాళ్లలో యాంటీ-డి తనంతట తాను ఉండదు, పాజిటివ్ రక్తం తగిలాకే పుడుతుంది. నా పేచీ అంతా డి దగ్గరే ఎందుకు వచ్చిందో నాకు అప్పుడు బోధపడింది.

చివరిది 1945లో వచ్చిన కూంబ్స్ పద్ధతి. నా కణాలను యాంటీ-డితో కలిపి 37 డిగ్రీల దగ్గర ఉంచారు. అంటుకోని యాంటీబాడీ పోయేలా సెలైన్‌తో పలుమార్లు కడిగి, మనిషి యాంటీబాడీలకు అంటుకునే యాంటీ హ్యూమన్ గ్లోబ్యులిన్ వేశారు. ట్యూబు తిప్పి, మెల్లగా కదిపి చూస్తే అడుగున కణాలు గుంపులుగా కనిపించాయి! పోల్చి చూడడానికి యాంటీ-డి వేయకుండా చేసిన కంట్రోల్‌లో ఏమీ లేదు. అంటే నాది వీక్ డి. నా కణాల మీద డి ప్రొటీన్ ఉంది, కానీ చాలా తక్కువ. అంటుకున్న కొద్దిపాటి యాంటీబాడీలు కణాలను కలపలేకపోయాయి, ఈ గ్లోబ్యులిన్ వాటి మధ్య వంతెన వేసింది.

రక్తదాతలకు ఈ చివరి మెట్టు దాకా చూసి పాజిటివ్ అని రాస్తారు. నా రక్తం నెగెటివ్ మనిషికి వెళ్లకూడదు కదా. రోగుల విషయంలో మొదటి మెట్టుతోనే ఆపి నెగెటివ్ అనడం చాలాచోట్ల పద్ధతి, అప్పుడు నెగెటివ్ రక్తమే ఎక్కిస్తారు కాబట్టి అది వాళ్లకే భద్రం. రెండు కాగితాలూ సరైనవే.

డి ప్రొటీన్‌ను తయారు చేసే ఆర్‌హెచ్‌డి జన్యువును పరీక్షించి, వీక్ డిలో టైప్ 1, 2, 3 రకాల్లో ఒకటని తేలితే పాజిటివ్‌గానే చూడవచ్చట. ఆ పరీక్ష మాకు అందుబాటులో లేక, డాక్టరుగారు నన్ను నెగెటివ్‌గానే లెక్కేశారు. నాలో యాంటీ-డి యాంటీబాడీలు ఇంకా లేవని చూసి, అవి పుట్టకుండా 28వ వారంలో యాంటీ-డి ఇంజెక్షన్ ఇచ్చారు. పాప పుట్టగానే బొడ్డుతాడు రక్తం పరీక్షిస్తే ఓ పాజిటివ్. నాలో బి వెనక ‘ఓ’ గ్రూపు జన్యువు దాగి ఉందని అలా తెలిసింది. 72 గంటలు దాటకుండా నాకు ఇంకో ఇంజెక్షన్ పడింది. పాపకు సొంత యాంటీబాడీలు తయారు కావడానికి కొన్ని నెలలు పడుతుంది కాబట్టి రివర్స్ గ్రూపింగ్ ఇప్పుడే చేయలేదు. అది తర్వాత చేయించాలి.