ఆటోనగర్ నుంచి గుంటూరు షెడ్డు దాకా: ట్రైలర్ మీద పడవ ప్రయాణం

వరద రాకముందే పడవను గట్టెక్కించాలని విజయవాడలో ఇప్పుడు ఎవరికీ చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అప్పుడు కొట్టుకొచ్చిన పడవలు గేట్లను ఎత్తడానికి తోడ్పడే బరువు దిమ్మెలను (కౌంటర్ వెయిట్లను) ఢీకొన్న దృశ్యం ఊరంతా చూసింది. అందుకే ఈసారి జూన్‌లోనే మా 16 అడుగుల ఫైబర్ పడవను నదిలోంచి తీసి గుంటూరులో ఒక షెడ్డుకు చేర్చాం. దూరం 40 కిలోమీటర్లకు అటూ ఇటూ. రోడ్డు మీద గడిచిన సమయం కంటే ట్రైలర్‌ను పడవకు సరిపెట్టడానికి పట్టిన సమయమే ఎక్కువ. అది అలాగే ఉండాలి కూడా.

ఆ ట్రైలర్ వేరే పడవ కోసం కట్టించింది. ముందు ఆటోనగర్ తీసుకెళ్ళాం. ఇరుసును పట్టే కమాను కట్టల బ్రాకెట్లు ఛాసిస్‌కు వెల్డింగ్ చేసి లేవు, యు బోల్టులతో బిగించి ఉన్నాయి. కాబట్టి ఇరుసును ముందుకూ వెనక్కీ జరుపుకోవచ్చు. ట్రైలర్ కొనేవాళ్ళు మొదట చూడాల్సింది ఇదే. వెల్డింగ్ చేసేసిన ఇరుసుకు ఏ సవరింపూ కుదరదు.

ట్రైలర్ ముందు కొసన కారుకు తగిలించే కప్లర్ గిన్నె మధ్య నుంచి ఇరుసు ఎడమ కొసకు ఒకసారి, కుడి కొసకు ఒకసారి టేపు పెట్టి కొలిచాం. కుడి పక్క 8 మిల్లీమీటర్లు ఎక్కువ వచ్చింది. కంటికి ఆనని తేడా ఇది. కానీ ఇలా వదిలేస్తే ట్రైలర్ రోడ్డు మీద ఓరగా నడుస్తుంది, టైర్లు ఒక అంచు నుంచి అరిగిపోతాయి. ఒక పక్క యు బోల్టులు వదులు చేసి, బ్రాకెట్‌ను సుత్తితో చిన్నగా తట్టి, తేడా 2 మిల్లీమీటర్లకు వచ్చాక బిగించాం. నట్లను ఒక్కొక్కటిగా పూర్తిగా బిగించకూడదు. నాలుగింటినీ కొంచెం కొంచెంగా, ఎదురెదురుగా బిగిస్తూ పోవాలి.

చక్రం మధ్యలో బేరింగులు ఉండే హబ్ మూత తీస్తే గ్రీజు పాలు కలిపిన కాఫీ రంగులో ఉంది. లోపలికి నీళ్ళు వెళ్ళాయనడానికి ఆ రంగే గుర్తు. రోడ్డు మీద నడిచి వేడెక్కిన హబ్‌ను వెంటనే నదిలో దింపితే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుపోతుంది, సీల్ అంచుల్లోంచి నీటిని లోపలికి లాక్కుంటుంది. పడవ ట్రైలర్ల బేరింగులు పోయేది ఎక్కువగా ఇందుకే. పాత గ్రీజంతా కిరోసిన్‌తో కడిగించి, రోలర్ల మీద నీలిమచ్చలు లేవని చూసుకుని, నీటికి కరగని మెరైన్ గ్రీజు కూరించాం. వెనక సీళ్ళు రెండూ కొత్తవి వేశాం. చక్రాన్ని తిప్పుతూ నట్టు బిగించి, చక్రం బరువుగా తిరగడం మొదలవగానే పావు చుట్టు వదిలారు. చివరి బిగింపు దగ్గర మేస్త్రి కుర్రాడి చేతిలోంచి పానా తీసేసుకుని, "ఇక్కడ వేళ్ళతో చాలురా, పానా పెడితే బేరింగు కాలిపోద్ది" అన్నాడు. స్ప్లిట్ పిన్ను కొత్తది వేయాలి. పాతదాన్ని సాపు చేసి మళ్ళీ దూర్చడం మానుకోవాలి.

లైట్లలో ఇంకో చిక్కు. ఎడమ ఇండికేటర్ వేస్తే వెనక ఎర్ర లైట్లు కూడా దాంతో పాటే కొట్టుకుంటున్నాయి. ఇది ఎర్త్ సరిగా లేదనడానికి గుర్తు. కరెంటు తిరిగి వెళ్ళడానికి దారి లేక మిగతా బల్బుల గుండా పోతుంది. చాలా ట్రైలర్లకు ఎర్త్ కోసం టోయింగ్ బాల్ మీదే, అంటే కప్లర్ కూర్చునే కారు వెనక గుండు మీదే ఆధారపడతారు, ఆ బాల్‌కేమో గ్రీజు రాసి ఉంటుంది. ఏడు పిన్నుల ప్లగ్గులోని తెల్ల తీగను ఛాసిస్‌కు, అక్కణ్ణుంచి రెండు లైట్లకూ విడిగా లాగించాక సమస్య పోయింది.

బాల్ సైజును వెర్నియర్‌తో కొలిచి తీరాలి. కప్లర్ 50 మిల్లీమీటర్లదై, బాల్ ఒకటీ ఏడుబై ఎనిమిది అంగుళాలదైతే అది 47.6 మిల్లీమీటర్లే. తాళం పడినట్టే ఉంటుంది, గతుకులో ఎగిరి ఊడొస్తుంది. మాది 50కి 50. బాల్ బిగించిన హుక్కు బంపర్‌కు కాక ఛాసిస్‌కు పట్టి ఉండాలి. ట్రైలర్‌కు సొంత రిజిస్ట్రేషన్ ఉండాలి. చట్టం లెక్కలో అదీ మోటారు వాహనమే.

ఖాళీ ట్రైలర్‌తో బెంజి సర్కిల్, బందరు రోడ్డు, బస్టాండు మీదుగా కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కి భవానీపురం వైపు దిగాం. మెట్ల ఘాట్ల జోలికి పోకుండా గట్టి మొరం వాలు ఉన్న చోటు ముందే చూసిపెట్టుకున్నాం. కర్ర పట్టుకుని నీళ్ళలోకి నడిచి వాలు ఎంతవరకు ఉందో పొడిచి చూడాలి. బ్యారేజీ నిండు మట్టం 12 అడుగులు. మట్టం తగ్గినప్పుడు వాలు చివర ఒండ్రు తేలుతుంది, అందులో చక్రం దిగితే ట్రైలర్ ఒరిగిపోతుంది. గేట్లు ఎత్తి ఉంటే ప్రవాహం లాగుతుంది కాబట్టి ఆ రోజు ఆ పని పెట్టుకోకూడదు.

హబ్‌లు చల్లారేదాకా అరగంట ఆగాం. ఈలోగా లైట్ల ప్లగ్గు ఊడదీశాం. వెనక్కి నడిపేటప్పుడు స్టీరింగును కింది వైపు పట్టుకుంటే, చేయి ఎటు జరిపితే ట్రైలర్ అటు పోతుంది. టైరు పైఅంచు దాకా నీళ్ళు వచ్చాక ఆపి, హ్యాండ్ బ్రేకు, మొదటి గేరు వేసి, కారు చక్రాల వెనక రాళ్ళు పెట్టాం. ట్రైలర్‌ను ఇంతకంటే లోతుకు దించితే పడవ వెనక భాగం తేలిపోయి, దాని అడుగును మోసే ట్రైలర్ చెక్క పట్టెల మీద ఎక్కడ కూర్చుంటుందో తెలియదు. లోతు తక్కువైతే అడుగు పట్టెలకు రాసుకుంటుంది, పడవను ట్రైలర్ మీదికి లాగే వించ్ పట్టీ మీద భారమంతా పడుతుంది.

పడవను ప్రవాహానికి ఎదురుగా తీసుకొచ్చి ముక్కు దగ్గరి కొక్కేనికి వించ్ పట్టీ తగిలించాం. వించ్ తిప్పేటప్పుడు పట్టీకి సూటిగా ఎవరూ నిలబడకూడదు. పట్టీ తెగినా కొక్కెం ఊడినా అది వచ్చేది ఆ దారిలోనే. ముక్కు రబ్బరు ఆపుకు ఆనాక, ట్రైలర్‌ను ఒక అడుగు బయటికి లాగి మళ్ళీ చూస్తే రెండు వేళ్ళ సందు వచ్చింది. నీళ్ళలో వెనక భాగం తేలి ఉండటం వల్ల ఇలా అవుతుంది. గట్టు మీద బలవంతంగా వించ్ తిప్పకుండా వెనక్కి దింపి, ఆ సందు పోయేలా లాగి, అప్పుడు పైకి తెచ్చాం. పడవ అంచు నుంచి మడ్‌గార్డు దాకా రెండు పక్కలా కొలిస్తే ఎడమ వైపు 5 సెంటీమీటర్లు జరిగి ఉంది. ప్రవాహం తోసిన తోపు అది. ఒక పట్టె మీదే బరువు పడితే ఫైబర్ అక్కడ నలుగుతుంది. మళ్ళీ దించి సరిచేశాం.

ఇప్పుడు అసలు పని. పడవ డొల్ల 380 కిలోలు, ఇంజను 75, బ్యాటరీ, పెట్రోలు, లంగరు, జాకెట్లు కలిపి 60, ట్రైలర్ 235. మొత్తం 750. ఇందులో కప్లర్ మీద 7 నుంచి 10 శాతం, అంటే 52 నుంచి 75 కిలోల దాకా పడాలి. అంతకంటే తక్కువైతే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ ఊపు పెరుగుతుంది, చివరికి కారును కూడా పక్కకు లాగేస్తుంది. మరీ ఎక్కువైతే కారు వెనక భాగం కుంగి, ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది.

తూచే ముందు డ్రెయిన్ ప్లగ్గు తీసి పడవలో నిలిచిన నీటిని వదిలేశాం. రెండు బకెట్లకు పైగా వచ్చింది. ఆ నీరంతా వెనకే ఉంటుంది కాబట్టి కప్లర్ బరువును తగ్గించి చూపిస్తుంది. ప్లగ్గు తీసి ఉంచే ప్రయాణం చేయాలి. తర్వాత బాల్ ఎత్తుకు సరిపడా ఇటుకలు పేర్చి, పైన ఇంట్లో వాడే తూకం మిషను, దాని మీద చెక్క ముక్క పెట్టి కప్లర్‌ను ఆనించాం. ట్రైలర్ ఛాసిస్ మీద రసమట్టం పెట్టి సమంగా ఉందని చూశాకే అంకె చదవాలి. ముక్కు పైకి లేచి ఉంటే ఒక అంకె, వంగి ఉంటే ఇంకో అంకె వస్తుంది.

మిషను 28 కిలోలు చూపించింది. నాలుగు శాతం కూడా లేదు. వెనక్కి వెళ్ళి చూస్తే కారణం కనపడింది. పడవ వెనక పలక చెక్క పట్టెల చివరి నుంచి 12 సెంటీమీటర్లు బయటికి వేలాడుతోంది. ఇంజను బరువంతా ఆ పలక మీదే ఉంటుంది. కింద ఆధారం లేకుండా నెలల తరబడి ఉంచితే పడవ అడుగు అక్కడ వంకర తిరుగుతుంది, తర్వాత నీళ్ళలో ముక్కు కిందికి దిగబడి నడుస్తుంది. అంటే కప్లర్ బరువూ, ఈ వేలాటా, రెండూ ఒకే లోపం. పడవ ముందుకు జరగాలి.

బాల్ నుంచి ఇరుసుకు మూడున్నర మీటర్లు. 515 కిలోల పడవను 15 సెంటీమీటర్లు ముందుకు జరిపితే 515ను 0.15తో గుణించి 3.5తో భాగించాలి. కప్లర్ మీద 22 కిలోలు పెరుగుతాయి. వించ్ స్తంభం క్లాంపులు వదులు చేసి సరిగ్గా అంతే ముందుకు జరిపి బిగించాం. డ్రెయిన్ ప్లగ్గు తిరిగి బిగించి, ట్రైలర్‌ను మళ్ళీ నీళ్ళలోకి దింపి పడవను కొత్త చోటికి లాగాం, పైకి తెచ్చాక ప్లగ్గు తీసేశాం. ఇప్పుడు పట్టెలు పలక కంటే 3 సెంటీమీటర్లు బయటికి కనిపిస్తున్నాయి. తూకం 50. వెనక ఉన్న 20 కిలోల బ్యాటరీని రెండున్నర మీటర్లు ముందుకు, ముక్కు పెట్టెలోకి మార్చి కట్టేస్తే 64 వచ్చింది, అంటే ఎనిమిదిన్నర శాతం. ఇదంతా లెక్క ప్రకారమే నడుస్తుంది, అందాజుగా చేయాల్సిన పని కాదు. పడవను జరపడానికి చోటు లేకపోతే ఇరుసును వెనక్కి జరపాలి. ఈ బరువుకు 10 సెంటీమీటర్లు జరిపితే సుమారు 20 కిలోలు పెరుగుతాయి.

కప్లర్ తాళం పడ్డాక ముందు జాకీని పైకి తిప్పి చూడాలి. కారు వెనక భాగం కూడా లేస్తే తాళం నిజంగా పడినట్టు. గొలుసులు రెండింటినీ కప్లర్ కింద అడ్డంగా, ఒకదాని మీద ఒకటి వెళ్ళేలా తగిలించాం. కప్లర్ ఊడినా నేలకు తగలకుండా ఆ కత్తెరలో ఆగుతుంది. మలుపుకు చాలినంత వదులు ఉండాలి, రోడ్డుకు రాసుకోకూడదు. ముక్కు దగ్గర వించ్ పట్టీతో పాటు విడిగా ఒక గొలుసు, వెనక పలక కొక్కేలకు రెండు రాట్చెట్ బెల్టులు. బెల్టును ఒక మెలిక తిప్పి కడితే గాలికి టపటపలాడదు. ఇంజనును పైకెత్తి, దాని కాలికింద ఊతకడ్డీ పెట్టాం. ఇంజను సొంత గొళ్ళెం గతుకుల కోసం చేసింది కాదు.

టైర్లు 155/80 ఆర్13, లోడ్ ఇండెక్స్ 79. అంటే ఒక్కొక్కటి 437 కిలోలు మోస్తుంది. మాకు ఒక్కో టైరు మీద పడేది 343. కానీ ఆ సామర్థ్యం టైరు పక్కన రాసిన పూర్తి గాలి ఉన్నప్పుడే. గాలి తక్కువైన ట్రైలర్ టైరు లోపల్లోపలే వేడెక్కి పేలిపోతుంది, ముందుగా స్టీరింగుకు ఏమీ తెలియదు.

ప్రకాశం బ్యారేజీ మీదుగా పోకుండా వచ్చిన ఫ్లైఓవర్ మీదే వెనక్కి వచ్చి, కృష్ణ మీది పెద్ద వంతెన కనకదుర్గ వారధి ఎక్కాం. వెడల్పున్న రోడ్డు ఇలాంటి బండికి హాయి. మలుపుల్లో ట్రైలర్ లోపలి వైపు కోసుకుంటూ వస్తుంది కాబట్టి, సర్వీసు రోడ్డులోకి తిరిగే చోట బాగా ముందుకు పోయాకే స్టీరింగు తిప్పాలి. తాడేపల్లి దాటాక 60 దగ్గర స్థిరంగా నడిపాం. లారీ దాటిపోయేటప్పుడు గాలి ముందు పక్కకు తోసి, తర్వాత లారీ వైపు లాక్కుంటుంది. ట్రైలర్ ఒక్కసారి కదిలి తనంతట తనే సర్దుకుంది. అలా సర్దుకోకుండా ఊపు పెరుగుతుంటే బ్రేకు తొక్కకూడదు, స్టీరింగుతో ఎదురు తిప్పకూడదు. స్టీరింగును నిటారుగా పట్టుకుని యాక్సిలరేటర్ మీద నుంచి మెల్లగా కాలు తీయాలి. ట్రైలర్‌కు బ్రేకులు లేవు. కారును వెనక నుంచి 750 కిలోలు నెడుతూ ఉంటాయి కాబట్టి ముందు బండికి ఎప్పుడూ వదిలే ఎడం రెట్టింపు చేశాం.

కాజ టోల్‌గేటు దాటాక పక్కకు తీసి ఆపాం. హబ్‌ల మీద అరచేతి వెనక భాగం పెట్టి చూస్తే రెండూ గోరువెచ్చగా, సమానంగా ఉన్నాయి. ఒకటి చెయ్యి పెట్టలేనంత కాలితే ఆ బేరింగు బిగుసుకుపోయినట్టు, అక్కణ్ణుంచి కదలకూడదు. చక్రాల నట్లను టార్క్ రెంచితో చూస్తే ఒకటి చిన్నగా తిరిగింది. కొత్తగా బిగించిన నట్లు మొదటి ప్రయాణంలో ఎప్పుడూ కొంత సర్దుకుంటాయి. యు బోల్టులూ అంతే. బెల్టులు ఒక పన్ను మేర వదులయ్యాయి, బిగించాం. పెదకాకాని దాటి గుంటూరులోకి వచ్చాక స్పీడ్ బ్రేకర్ల మీద కారు దాటిందని వేగం పెంచేయకుండా, ట్రైలర్ చక్రాలు కూడా దిగేదాకా ఆగాలి. అక్కడ ఎగిరితే ఇంజను బరువంతా వెనక పలక మీదికి వచ్చి పడుతుంది.

షెడ్డులో చక్రాలకు రెండు వైపులా చెక్కలు పెట్టాకే కప్లర్ ఊడదీశాం. ముందు జాకీని నాలుగు అంగుళాలు ఎత్తి ఉంచితే లోపల పడ్డ వాన నీరు వెనక డ్రెయిన్ రంధ్రంలోంచి పోతుంది. ఇరుసు కింద రెండు పక్కలా స్టాండ్లు పెట్టి టైర్ల మీద భారం తగ్గించాం. రాట్చెట్ బెల్టులు వదులు చేయాలి, నెలల పాటు బిగించి ఉంచితే ఫైబర్ అంచు నొక్కుకుపోతుంది. హబ్‌లకు మళ్ళీ గ్రీజు కొట్టి, బయటికి వచ్చిన మొదటి గ్రీజు రంగు చూశాం. పాల రంగు లేదు. నీళ్ళలో నానిన చెక్క పట్టెలు ఆరాక కుంచించుకుంటాయి కాబట్టి, రెండు రోజులాగి వాటి బోల్టులు ఇంకోసారి బిగించాలి.